జ్వరం కోసేసిన సినిమా

బలరాం మామయ్య ఇంట్లో అడుగుపెట్టగానే డైరెక్టర్ రవిశంకర్ ముఖం వాడిపోయింది. నేల మీద తెల్లటి టైల్స్, గోడలకు ఈ మధ్యే వేసిన లేత ఆకుపచ్చ రంగు, మూలన ఫ్రిజ్, దాని మీద గున్నమ్మ అత్తయ్య కుట్టిన పువ్వుల గుడ్డ. భిలాయి క్యాంప్ 1లో ఉక్కు కార్మికుడి ఇల్లంటే పొగచూరి, పెచ్చులూడి ఉంటుందని ఆయన హైదరాబాదులో కూర్చుని ఊహించుకుని వచ్చాడు. ముప్పై ఆరేళ్లు పనిచేసిన మనిషి ఇల్లు శుభ్రంగా పెట్టుకోవడం ఆయన స్క్రిప్టులో లేదు.

"మెర్లిన్ గారూ, ఇంకొంచెం ఒరిజినల్‌గా ఉండే ఇల్లు దొరకదా?" అని నా చెవి దగ్గర గొణిగాడు.

"ఇదే ఒరిజినల్ సార్," అన్నాను.

నాకు భిలాయిలోనే, సుపేలాలో, చిన్న వీడియో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, రిటైర్‌మెంట్ ఫంక్షన్లు తీస్తాను. రాయపూర్‌లోని ఒక ఫౌండేషన్ పాతతరం కార్మికుల మీద డాక్యుమెంటరీకి పూనుకుంది. ఆ పని రవిశంకర్‌కి అప్పగించారు. ఇక్కడి పెద్దవాళ్లు మాట్లాడే శ్రీకాకుళం తెలుగు, అందులో సగం హిందీ, ఆయనకు అంతుపట్టలేదు. మాట విడమరిచి చెప్పడానికీ, రెండో కెమెరా నడపడానికీ ఒక మనిషి కావాలి. ఫోనులో నన్ను "సినిమాటోగ్రాఫర్ గారూ" అన్నాడు. పదేళ్లుగా "వీడియోవాలీ దీదీ" అనిపించుకున్న దాన్ని, ఆ ఒక్క పిలుపుకే కరిగిపోయాను. ఆయన్ని వెక్కిరించే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

బలరాం మామయ్య పేరు చెప్పింది నేనే. ఆయన మా నాన్న జార్జికి గ్యాంగ్ లీడరు. రణస్థలం పక్క పల్లె నుంచి డెబ్బై రెండులో వచ్చి బ్లాస్ట్ ఫర్నేసులో చేరాడు, ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. మాకు రక్తసంబంధం లేదు, మతం కూడా వేరే. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన మామయ్య, ఆవిడ అత్తయ్య. నాన్న పోయి అయిదేళ్లయింది.

ఆ రోజు మామయ్య తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తల నున్నగా దువ్వుకుని కూర్చున్నాడు. రవిశంకర్ మనుషులు కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. ఫ్రిజ్‌ను వంటింట్లోకి నెట్టారు. ఆకుపచ్చ గోడ ముందు ముదురు దుప్పటి వేలాడదీశారు. ఒక పక్క నుంచి ఒక్కటే లైటు, దానికి అడ్డంగా తెల్లగుడ్డ. నేను నా కెమెరా ఆన్ చేసేసరికి ఒక చిన్న మిషను గదిలోకి పొగ వదిలింది.

"ఏటిది బాబూ, దోమలకా?" అని అడిగింది అత్తయ్య.

"వెలుతురు గీతలుగా కనబడాలమ్మా. సినిమాటిక్‌గా ఉంటుంది," అన్నాడు రవిశంకర్. మే నెల. భిలాయిలో నలభై నాలుగు డిగ్రీలు. మెడకు ఉన్ని మఫ్లర్ లాంటిదేదో చుట్టుకుని, చెమటలు కక్కుకుంటూ ఈ మాట అన్నాడు. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపించేశాడు. మామయ్య నుదుటి మీద చెమట పట్టగానే మానిటర్‌లో చూసుకుని, "బ్యూటిఫుల్. తుడవొద్దు," అన్నాడు.

తరువాత ఆయన దృష్టి మామయ్య నోటి మీద పడింది.

"మెర్లిన్ గారూ, అంకుల్‌వి కట్టుడుపళ్లు కదా. తీసేయమని చెప్తారా? బుగ్గలు లోపలికి పోతే ముఖంలో క్యారెక్టర్ వస్తుంది."

నేను ఆ మాట అనువదించలేదు. కానీ అది అర్థమయ్యే తెలుగే. మామయ్య ఆయన్ని కిందినుంచి పైకి చూశాడు.

"పళ్లు తీస్తే మాట సరిగ్గా రాదు బాబూ. నువ్వు నా మాట కోసం ఒచ్చినావా, బుగ్గల కోసం ఒచ్చినావా?"

రవిశంకర్ నవ్వి, "జస్ట్ సజెషన్ అంకుల్," అన్నాడు. చొక్కా మాత్రం మార్పించాడు. అత్తయ్య ఇల్లు తుడవడానికి దాచిన పాత ఖాకీ చొక్కా వెతికించి తొడిగించాడు. నేనే గుండీలు పెట్టాను.

ఇంటర్వ్యూ మొదలైంది. కెమెరా వైపు చూడకూడదు, తన వైపే చూడాలి. ప్రశ్నను జవాబులో కలుపుకుని చెప్పాలి. చెప్పాక మూడు లెక్కపెట్టేదాకా కదలకూడదు. ఇన్ని నియమాలు విని మామయ్య, "ఫర్నేసే నయం," అన్నాడు. కానీ మాట్లాడటం మొదలెట్టాక ఆగలేదు. తన ఉద్యోగమంతటిలో ఆయన గర్వంగా చెప్పుకునేది ఒక్కటే. ఆయన గ్యాంగులో ముప్పై ఆరేళ్లలో ఒక్క మనిషి ప్రాణం పోలేదు, ఒక్క వేలు తెగలేదు.

"కరిగిన ఇనప నీరు పారే కాలవకి తడి ఉండకూడదు. రవ్వంత తడి ఉన్నా పేలిపోద్ది. కాలవ తెరిసే ముందు నాను ఆ సివర నుంచి ఈ సివరికి నడిసి, అరిచెయ్యి వెనక పక్క పెట్టి సూసీవోడిని. ఒక వానాకాలం ఒక మూల సల్లగా తగిలినాది. ఆపీమన్నాను. ఇన్‌చార్జి సాబు వొచ్చి, క్యా హువా బలరాం అన్నాడు. ఆయన సెయ్యి పట్టుకెళ్లి అక్కడ పెట్టినాను. ఆయన మరి మాటాడలేదు. గ్యాస్ మంట పెట్టి ఇరవై నిముసాలు ఆరబెట్టినాం. అంతమందిమీ అలగే నిలబడి ఉన్నాం. ఈ గుంట అయ్య జార్జి నా పక్కనే ఉన్నాడు," అని నన్ను చూపించాడు.

"తర్వాత ఏమైంది?" అన్నాడు రవిశంకర్.

"ఏటవుద్ది? ఆరిపోనాది. కాలవ తెరిసినాం."

"అంటే, ఏమీ జరగలేదా?"

"జరక్కండా సూడ్డవే గదా నా పని!"

రవిశంకర్ ఫోను చూసుకున్నాడు. అంతమందీ క్షేమంగా ఇళ్లకు చేరిన సంగతి ఆయన ముందు పెడితే, పెళ్లిభోజనంలో ఉప్పు ఎక్కువైందన్నట్టు పెదవి విరిచాడు. "అంకుల్, ఫ్రెండ్ ఎవరైనా కళ్లముందు పోయారా? మంటల్లో? పక్క షాపులోనైనా? కనీసం భయమేసిన రోజు?" ముప్పావుగంట ఇలాగే తిప్పి తిప్పి అడిగాడు. మామయ్య తిప్పి తిప్పి లేదనే చెప్పాడు.

టీ కోసం ఆపినప్పుడు రవిశంకర్ నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"కుర్చీలో మీరు కూర్చోండి. మీ నాన్నగారి గురించి మీరే అడగండి. నా ముందు ఓపెన్ అవ్వట్లేదు. నాకు ఒక్క ఎమోషనల్ మూమెంట్ చాలు. మీరు సినిమాటోగ్రాఫర్, మీకు తెలుసు."

తెలుసు నాకు. పెళ్లికూతురి తల్లి ఎప్పుడు ఏడుస్తుందో అరక్షణం ముందే పసిగట్టి కెమెరా తిప్పడమే నా వృత్తి. కుర్చీలో కూర్చునే ముందు నా కెమెరాను మామయ్య చేతుల మీదకు దగ్గరగా లాగి, స్టాండుకు బిగించి, మళ్లీ ఆన్ చేసి మరీ వెళ్లాను.

"మామయ్యా, నాన్న పోయినప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా. ఆ రోజు చెప్పండి," అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఖాకీ చొక్కా అంచు నలుపుతూ ఉన్నాడు. తర్వాత గొంతు మారింది.

"నీకు తెల్దేటమ్మా? నాను పక్కనే ఉన్నాను. జెరంతోటి సెయ్యి కాలిపోతున్నాది. బలరామూ ఒదలకు అన్నాడు. నాను ఒదల్లేదు. ఇరవయ్యొక్కేళ్లు నా పక్కన నిలబడ్డోడు. నా గ్యాంగోడు. నా సేతుల్లోనే ఎల్లిపోనాడు."

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మానిటర్ వెనక నుంచి "గోల్డ్" అన్న గుసగుస వినబడింది. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ కాదు, ఆ మిషన్లను చూస్తూ ఉంది.

వెళ్లేముందు అనుమతి పత్రమంటూ ఇంగ్లీషు కాగితం ఒకటి చేతికిచ్చారు. మామయ్య నా వైపు చూశాడు. "మామూలుదే మామయ్యా," అన్నాను, చదవకుండానే. సంతకం పెట్టాడు. నా కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం భిలాయిలోనే ఒక హాల్లో సినిమా వేశారు. పేరు 'నిప్పుతో నడిచినవాళ్లు'. పెద్దవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టారు. మామయ్య తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నా పక్కన మా అమ్మ డైసీ. నాన్న పేరు సినిమాలో వినబడుతుందని నేనే తీసుకొచ్చాను.

మామయ్య వంతు వచ్చింది. నాలుగు నిమిషాలు. చీకట్లోంచి సగం ముఖం, చెమట, పొగ. తడి కాలువ ముచ్చట లేదు. ఇన్‌చార్జి సాబు లేడు. ఇరవై నిమిషాలు లేవు. ఫర్నేసు మంటలు తెరనిండా ఎగిశాయి. ఎవరో అరిచినట్టు శబ్దం. మంటల మీదే మామయ్య గొంతు: "నాను పక్కనే ఉన్నాను." మళ్లీ మంట. "సెయ్యి కాలిపోతున్నాది." నేను తీసిన చేతులు, ఖాకీ అంచు నలుపుతూ. "బలరామూ ఒదలకు అన్నాడు... నా సేతుల్లోనే ఎల్లిపోనాడు." తెర నల్లబడింది. తెల్ల అక్షరాల్లో మా నాన్న పేరు, కింద కొవ్వొత్తి బొమ్మ.

హాలంతా ముక్కులు చీదుతున్న చప్పుడు. జ్వరం అన్న ఒక్క మాట కోసేసి, ఆసుపత్రి మంచం మీద పోయిన మా నాన్నను ఫర్నేసులో తగలబెట్టారు.

"ఏంటే ఇది?" అంది అమ్మ. ఆవిడ చేతిసంచి తీసుకుని లేచి, వరసలో అందరి మోకాళ్లూ తప్పించుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

వెనక వరసలో బంగార్రాజు గారు, అదే గ్యాంగులో పనిచేసినాయన, ముందుకు వంగాడు. "బలరామూ, జార్జి ఎప్పుడు కాలిపోనాడ్రా? మనవే గదా ఆస్పత్రి నుంచి పెట్టె మోసినాం? ఎవులికి సెప్పినావీ అబద్ధం?"

శాలువా కప్పడానికి పేరు పిలిస్తే మామయ్య స్టేజీ ఎక్కాడు. శాలువా కప్పించుకోకుండానే మైకు అందుకున్నాడు. అందరికీ అర్థం కావాలని హిందీలోనే అన్నాడు: "మేరే గ్యాంగ్ మే కోయీ నహీఁ మరా. ఏక్ భీ ఆద్మీ నహీఁ. జార్జి కో బుఖార్ థా." నా గ్యాంగులో ఎవరూ చావలేదు, జార్జికి జ్వరం వచ్చింది అని. మళ్లీ అదే మాట తెలుగులో చెప్పబోతుండగా రవిశంకర్ వచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. రెండో చేత్తో మైకు మెల్లగా లాక్కున్నాడు.

"చూడండి. ఇన్నేళ్ల తర్వాత కూడా అంకుల్ ఆ నిజాన్ని ఒప్పుకోలేకపోతున్నారు. ఇదీ గాయం అంటే."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సిగ్గులేని ఆ చప్పట్ల మధ్య మామయ్య కట్టుడుపళ్లు బిగించుకుని నిలబడ్డాడు. శాలువా పక్కనున్న కుర్చీ మీద పెట్టి కిందికి దిగాడు.

బయట స్కూటర్ల దగ్గర నన్ను ఒక్కటే అడిగాడు. "ఆ జెరం మాట ఏటైనాదమ్మా?"

మరునాడు రవిశంకర్‌కి ఫోను చేశాను. ఆయన నొచ్చుకున్నాడు. "అక్షరసత్యం వేరు, ఎమోషనల్ సత్యం వేరు మెర్లిన్ గారూ. అంకుల్ బాధ నిజమే కదా? ఇంకో మాట. సినిమా మొత్తంలో బెస్ట్ షాట్ ఆ చేతులే. అది మీదే." నన్ను పొగిడితే పడిపోతానని ఆయనకు తెలుసు. ఆ రోజు పడలేదు. కానీ ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, 'బెస్ట్ షాట్' అన్న మాట చెవికి ఇంపుగా తాకింది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నా కెమెరాలో తీసినదంతా నా కంప్యూటర్‌లో ఉండిపోయింది. మాట కూడా స్పష్టంగా ఉంది. ల్యాప్‌టాప్ పట్టుకుని రాయపూర్ రైలెక్కాను. ఫౌండేషన్‌లో ఈ సినిమా వ్యవహారం చూసేది భాగ్యరేఖ అనే ఆవిడ. విజయనగరం మూలం, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మొత్తం ఓపిగ్గా వింది. 'జెరంతోటి' దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వింది.

"యే తో గలత్ హై, ఇది తప్పే," అంది. తర్వాత చాలా ఇబ్బందిగా, "ఇప్పటికే మూడు ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి పంపేశాం," అంది.

"ఒక్క మాట తిరిగి పెట్టండి మేడమ్. అంతే అడుగుతున్నాను."

"పెట్టాలంటే డైరెక్టర్ ఒప్పుకోవాలి కదా."

ఆయన ఒప్పుకోలేదు. ఆ మాట పెడితే మంటలు తీసేయాలి, మంటలు తీసేస్తే అందులో ఇంకేమీ మిగలదు అన్నాడట. అందులో ఇంకేమీ లేదన్నది, పాపం, ఆయన చెప్పిన ఏకైక నిజం. రెండు వారాలు వాదన నడిచాక భాగ్యరేఖ పట్టుబట్టింది. ఆయన విసుగుపుట్టి మామయ్య భాగం మొత్తం పీకేశాడు. నాలుగు నిమిషాలు తగ్గాక సినిమా ఇంకా చిక్కగా వచ్చిందని ఆవిడకు మెయిల్ కూడా పెట్టాడు.

ఈ కబురు మోసుకుని నేను క్యాంప్ 1కి వెళ్లాను. మామయ్య వాకిట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

"ఇప్పుడు సినిమాలో మీరు లేరు మామయ్యా."

"జార్జో?"

"నాన్న కూడా లేడు."

"బాగున్నాది," అన్నాడు. ఇంకో కాయ తీశాడు. "బంగార్రాజుకి సెప్పు ఈ మాట. నా ఎదట పడ్డం మానీసినాడు."

నేను అంతటితో ఊరుకోలేదు. మనమే ఒక సినిమా చేద్దామన్నాను. అసలు చెప్పాలంటే, అప్పటికే చేసేశాను. వారం రోజులు స్టూడియో తలుపేసుకుని, నా కెమెరాలో ఉన్నదాన్ని పద్ధెనిమిది నిమిషాలకు కుదించి, కింద వేణువు పెట్టి, మొదట్లో పేరు వేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. తడి కాలువ ముచ్చట ఉంది. జ్వరం ఉంది. రవిశంకర్ కంటే నేను నిజాయితీగల దాన్నని నిరూపించుకోవాలన్న తొందర నాది.

టీవీలో పెట్టాను. అత్తయ్య కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. మామయ్య చివరిదాకా కదలకుండా చూశాడు.

"నువ్వూ కోసీసినావు గదమ్మా," అన్నాడు.

"ఏం కోశాను మామయ్యా? అబద్ధం ఒక్కటీ లేదు."

"నువ్వు మీ అయ్య గురించి అడిగినావు. నాను వెంటనే సెప్పీసినానా? సెప్పలేదు. ఊరుకున్నాను సానాసేపు. సెప్పాలా ఒద్దా అని సూసుకున్నాను. ఇందులో నువ్వు అడిగీసరికి నాను సెప్పీసినాను, బటన్ నొక్కినట్టు. ఆ ఊరుకున్నది ఏదీ?"

అది నిమిషం యాభై సెకన్లు ఉంది. చూసేవాళ్లకు విసుగొస్తుందని తీసేశాను. రవిశంకర్ కూడా సరిగ్గా ఇదే మాట అని ఉంటాడు.

"దోమల పొగ కూడా తీసీసింది," అంది అత్తయ్య. "ఈ మనిసి పళ్లు తియ్యనని సెప్పింది కూడా తీసీసింది. అవే గదా సూడాలి."

మర్నాటికి మొత్తం తెచ్చాను. గంటా నలభై నిమిషాలు. వేణువు లేదు, పేరు లేదు. గుండీలు పెడుతున్న నా చేతులు కూడా ఉన్నాయి అందులో. కాగితం చదవకుండా "మామూలుదే" అన్న నా గొంతు కూడా ఉంది. అది వినబడినప్పుడు ఎక్కడ చూడాలో నాకు తెలియలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం మామయ్య కబురు పెట్టి బంగార్రాజు గారిని రప్పించాడు. ఇంకో ఇద్దరు పాత గ్యాంగువాళ్లు కూడా వచ్చారు. అమ్మకు నేను చెప్పలేదు. అత్తయ్య వెళ్లి పిలుచుకొచ్చింది. హాల్లోంచి లేచి వెళ్లిపోయిన రోజు నుంచి అమ్మ నాతో వంట గురించి తప్ప మాట్లాడలేదు. నా వైపు చూడకుండా వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది.

తడి కాలువ దగ్గర టీవీ ఆపించారు.

"ఇరవై నిముసాలు కాదు, అరగంట," అన్నాడు బంగార్రాజు గారు.

"ఇరవై."

"గ్యాస్ పైపు తెచ్చింది నానే. నాకు తెలవదేటి? అరగంట!"

"నువ్వు ఆ రోజు సెలవురా!"

నలుగురూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. పది నిమిషాలకు గానీ టీవీ మళ్లీ కదల్లేదు. ఆ నిమిషం యాభై సెకన్ల దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడలేదు. తెరమీద ఖాకీ అంచు నలుపుతున్న చేతులు తప్ప ఇంకేమీ కదలలేదు. నేను అమ్మ ముఖం చూశాను. ఆవిడ ఏడవలేదు. జ్వరం మాట వచ్చినప్పుడు, అవును, అన్నట్టు ఒక్కసారి తల ఊపింది.

అయిపోయాక బంగార్రాజు గారు లేచి మామయ్య భుజం మీద గట్టిగా చరిచాడు. క్షమాపణ అంటే వాళ్లకు అంతే.

"ఇది ఎవులికీ పంపకమ్మా," అన్నాడు మామయ్య నాతో. "ఫోన్లలో పెట్టకు."

"సరే మామయ్యా."

అమ్మ చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగింది. "స్కూటరు తెచ్చావా?" అని అడిగింది. తెచ్చానన్నాను. వెనక ఎక్కి కూర్చుంది.

"నెమ్మదిగా పోనీ," అంది. "ఈ రోడ్డంతా గుంతలే."